పికప్ ట్రక్ ఇంజిన్ డైరీ: 88,400 మైళ్ల నుంచి 99,100 దాకా

మా ఆవిడ పెళ్లిళ్లకు, హాఫ్ శారీ ఫంక్షన్లకు డెకరేషన్ చేస్తుంది. మండపం స్తంభాలు, ఇత్తడి దీపాలు, బ్యాక్‌డ్రాప్ ఫ్రేములు, ఉయ్యాల అన్నీ 16 అడుగుల మూసిన ట్రెయిలర్‌లో వెళ్తాయి. నిండా సర్ది ట్రక్ స్టాప్‌లో తూకం వేయిస్తే 5,840 పౌండ్లు వచ్చింది. అందులో హిచ్ (ట్రెయిలర్‌ను ట్రక్కుకు తగిలించే కొక్కెం) మీద పడే బరువు 710 పౌండ్లు, అంటే 12 శాతం. ఇంత బరువును టెక్సాస్ ఎండలో, డాలస్ నుంచి అటు ఓక్లహోమా సిటీకి, ఇటు ఆస్టిన్‌కూ లాగాలి. అందుకే బలమైన ఇంజిన్ ఉన్న పాత పికప్ కోసం వెతికాను.

కొన్న బండి కంపెనీ పేరు ఇందులో రాయడం లేదు. ఒక్క బండి అనుభవం పట్టుకుని ఒక కంపెనీని మంచిదనో చెడ్డదనో తేల్చడం న్యాయం కాదు. రెండు టర్బోలు (ఇంజిన్‌లోకి గాలిని కుక్కే పంకాలు), ఆరు సిలిండర్లు, పెట్రోలు ఇంజిన్ అన్నంత వరకే. మీరు ఏ కంపెనీ బండి చూస్తున్నా ఇందులోని కొలతలు, పొరపాట్లు పనికొస్తాయి. ఖర్చు లెక్క బండి ధర, పన్ను కాకుండా వేశాను. ఆ ఖర్చుకు విడిగా 4,000 డాలర్లు పక్కన పెట్టుకున్నాను.

దశ 1: కాగితం మీద వడపోత (సెప్టెంబరు)

హార్స్ పవర్ అంకెలు మొదటి రోజే చూసి పక్కన పెట్టేశాను. రామ్ టీఆర్‌ఎక్స్ 702, 2017 నుంచి 2020 దాకా వచ్చిన ఫోర్డ్ రాప్టర్ 450, జీఎం (జనరల్ మోటార్స్) 6.2 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) 420. మా ట్రెయిలర్‌కు వీటిలో ఏదైనా సరిపోతుంది. ఏ ఇంజిన్ ఎక్కడ దెబ్బ తింటుంది, ఆ దెబ్బను కొనేముందు నేను పట్టుకోగలనా అన్నదే అసలు ప్రశ్న.

రీకాల్ కాగితాలు చదివితే నాకు ఒకటే కనిపించింది. కథ ఎక్కడ మొదలైనా ఇంజిన్ ఆయిల్ తిరిగే దారి దగ్గరికే వస్తోంది.

జీఎం 6.2 వీ8 (ఎల్87) సంగతి చూడండి. 2021 నుంచి 2024 మోడళ్ల బండ్లను 2025 ఏప్రిల్‌లో వెనక్కి పిలిచారు. ఒక్క అమెరికాలోనే 5,97,630 బండ్లు. కనెక్టింగ్ రాడ్‌లో (పిస్టన్‌ను పట్టుకునే కడ్డీ), క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) నూనె దారుల్లో మిగిలిపోయిన చెత్త ఒక కారణం, క్రాంక్‌షాఫ్ట్ కొలతలూ నునుపూ సరిగ్గా లేకపోవడం ఇంకో కారణం. తనిఖీలో తప్పిన బండికి ఇంజిన్ మారుస్తారు. పాసైన బండికి 0డబ్ల్యూ-20 బదులు చిక్కటి 0డబ్ల్యూ-40 ఆయిల్ పోసి, ఫిల్టరూ ఆయిల్ మూతా మారుస్తారు. అదే ఇంజిన్‌కు, బేరింగ్‌ను కాపాడటానికి, నూనె చిక్కదనం మార్చారు. నాకు ఇది పెద్ద పాఠం.

టయోటా టండ్రా 3.4 లీటర్ల ట్విన్ టర్బో వీ6 కూడా అంతే. తయారీలో లోహపు రజను పూర్తిగా కడగకుండా మిగిలిపోయి మెయిన్ బేరింగ్‌లను తినేస్తుందని 2022, 2023 మోడళ్లలో, లెక్సస్ ఎల్‌ఎక్స్‌తో కలిపి, సుమారు 1,02,000 బండ్లను 2024 మేలో రీకాల్ చేశారు. దానికి ముందు, 2021 దాకా వచ్చిన 5.7 లీటర్ల వీ8 మాత్రం ఓ పట్టాన పాడవని మొండి ఇంజిన్. 381 హార్స్ పవర్, టర్బో లేదు, గ్యాలన్‌కు 14, 15 మైళ్లు. నిజం చెప్పాలంటే నా మనసు దాని మీదే ఉంది. కానీ నా బడ్జెట్‌లో దొరికినవన్నీ లక్షా నలభై వేల మైళ్లు దాటినవే. అంత తిరిగిన బండిని ట్రెయిలర్‌కు కట్టడం నాకు ఇష్టం లేకపోయింది.

కొన్ని సిలిండర్లను ఆపేసి పెట్రోలు ఆదా చేసే వీ8లలో లిఫ్టర్లు (వాల్వ్‌లను పైకి నెట్టే ముక్కలు) పాడవడం మెకానిక్‌లందరూ చెప్పే మాటే. లిఫ్టర్ రోలర్ ఆగిపోతే కామ్ (లిఫ్టర్లను కదిపే కడ్డీ) అరుగుతుంది, ఆ రజను నూనెలో కలిసి ఇంజిన్ అంతా తిరుగుతుంది.

కాబట్టి నా వడపోత సూత్రం ఇది: నూనె చరిత్ర రుజువు చేయగలిగిన బండే కావాలి. రసీదులు లేకపోతే ధర ఎంత తగ్గినా వద్దు.

దశ 2: చూసిన నాలుగు బండ్లు (అక్టోబరు)

కొన్న పనిముట్లు: ఆయిల్ ల్యాబ్ పరీక్ష కిట్లు 5 (190), డిప్‌స్టిక్ గొట్టంలోంచి నూనె లాగే చేతి పంపు (30), ఫోన్‌కు తగిలించే బోరోస్కోప్ కెమెరా (85), బండి కంప్యూటర్‌లోని అంకెలు చూపే ఓబీడీ అడాప్టర్ (70).

మొదటి బండి: వీ8. మా బావమరిది వెంట వచ్చాడు. నేను తాళం చెవి అడిగేలోపే వాడు బానెట్ మీద చెయ్యి పెట్టి, "బావా, వెచ్చగా ఉంది. మనం వచ్చే ముందే తిప్పి పెట్టారు" అన్నాడు. బయట 58 డిగ్రీల ఫారెన్‌హీట్, పొద్దున ఎనిమిది. రాత్రంతా కదల్లేదని ఫోన్లో చెప్పిన బండి. స్టార్ట్ కూడా చేయకుండా తిరిగొచ్చేశాం.

రెండో బండి: ఇదీ వీ8. స్టార్ట్ చేయగానే టిక్ టిక్. వేడెక్కితే పోతుందన్నారు. 12 నిమిషాలు చూశాను, పోలేదు. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ (ఇంజిన్ పక్కన పొగ బయటికి వెళ్లే గొట్టం) బోల్టు విరిగినా ఇలాంటి శబ్దమే వస్తుంది, అదైతే చిన్న పనే. కానీ ఆ శబ్దం వచ్చేది పైనుంచా (లిఫ్టరా) పక్కనుంచా (మ్యానిఫోల్డా) అని గొట్టం చెవి దగ్గర పెట్టుకుని విన్నా తేల్చుకోలేకపోయాను. తేలని శబ్దానికి డబ్బు పెట్టలేను.

మూడో బండి: చూడటానికి ముచ్చటగా ఉంది, రసీదులున్నాయి, శబ్దం లేదు. ఓనరును అడిగి నూనె శాంపిల్ తీసి ల్యాబ్‌కు పంపాను. ఐదు రోజులకు రిపోర్టు వచ్చింది: సోడియం, పొటాషియం రెండూ ఎక్కువ. కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) నూనెలోకి దిగుతోందనడానికి అది గుర్తు. డిప్‌స్టిక్ మీద నూనె తేనె రంగులో మెరుస్తోంది, కంటికి ఏమీ తెలియదు. 38 డాలర్ల కిట్ నాకు ఒక ఇంజిన్ ఖర్చు తప్పించింది. ఓనరుకూ ఆ రిపోర్టు పంపాను. ఆయనకు నిజంగానే తెలియదు.

నాలుగో బండి: కొన్నది ఇదే. 88,400 మైళ్లు. ల్యాబ్ రిపోర్టు:

ఇనుము 38 పీపీఎం (పది లక్షల్లో 38 వంతులు)
రాగి 9, సీసం 2
సిలికాన్ 31
నూనెలో పెట్రోలు 2.5 శాతం
కూలెంట్ జాడ లేదు

ఇనుము ఎక్కువే. కానీ ఆ నూనె ఎన్ని మైళ్లు తిరిగిందన్నది ముఖ్యం. ఓనరు 5,000 అన్నాడు. అద్దం మీది స్టిక్కరు ప్రకారం 7,800. సిలికాన్ అంటే దుమ్ము. అది ఎక్కడినుంచి వస్తోందో ఎయిర్ బాక్స్ తెరవగానే తెలిసింది. ఎవరో పవర్ పెరుగుతుందని నూనె రాసిన గుడ్డ ఫిల్టరు బిగించారు. ఫిల్టరు దాటాక గొట్టం లోపల వేలితో రాస్తే బూడిద రంగు మట్టి అంటింది. కారణం తెలిసిన లోపం కాబట్టి భయపడలేదు. బేరింగ్‌లు అరిగితే కనిపించే సీసం, రాగి తక్కువగా ఉన్నాయి. ఆయిల్ మూత తీసి కెమెరా పెడితే లోపల లేత గోధుమ రంగు పూత ఉంది, నల్ల మడ్డి లేదు. బయటి మెకానిక్ తనిఖీకి 180 ఇచ్చాను, లీకులు లేవన్నాడు.

29,600కు బేరం కుదిరింది. 6.25 శాతం టెక్సాస్ పన్ను 1,850.

ఇక్కడే నా పెద్ద పొరపాటు జరిగింది. ఈ బండిని సాయంత్రం ఏడింటికి చూశాను, అది మధ్యాహ్నం మూడింటి నుంచి ఆగి ఉంది. నాలుగు గంటలే. మెకానిక్ దగ్గరికి నడుపుకుంటూ తీసుకెళ్లారు. అంటే రాత్రంతా ఆగిన ఇంజిన్ స్టార్ట్ అవడం నేను ఒక్కసారీ వినలేదు. మొదటి బండి దగ్గర అంత జాగ్రత్త పడి, ఇక్కడ వదిలేశాను. ఈ పొరపాటు ఖరీదు దశ 5లో ఉంది.

ఈ దశ ఖర్చు: 555. మొత్తం: 555.

దశ 3: మొదటి వారం, మొదలు లెక్క (88,430 మైళ్లు)

1. ఇంజిన్ వేడిగా ఉండగా నూనె దింపాను. చివరి చుక్క ఆగేదాకా 40 నిమిషాలు.
2. పాత ఫిల్టరును కట్టర్‌తో కోశాను.
3. మాన్యువల్ చెప్పిన గ్రేడు ఆయిల్ 6 క్వార్ట్‌లు, కంపెనీ ఫిల్టరు.
4. గుడ్డ ఫిల్టరు తీసేసి, మామూలు కాగితం ఫిల్టరు పెట్టాను. గొట్టం లోపల తడి గుడ్డతో తుడిచాను.

ఫిల్టరు కోయడం గురించి కొంచెం చెప్పాలి. ఇది చేసేవాళ్లు తక్కువ. డబ్బా పైభాగం కట్టర్‌తో గుండ్రంగా తెగుతుంది. లోపలి కాగితాన్ని రెండు చివర్లా బ్లేడుతో కోసి, ముడతలు విప్పి, తెల్ల ప్లాస్టిక్ ట్రేలో పరిచాను. వైస్‌లో నొక్కి నూనె పిండాక, టార్చ్‌లైటు వాలుగా పట్టి ముడత ముడతా చూశాను. 50 ముడతల్లో ఏడెనిమిది చోట్ల సన్నటి మెరుపు. అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి కాగితం మీద ఆడిస్తే ఆ మెరుపులో సగానికి పైగా కవరుకు అంటుకుంది. అంటే ఉక్కు. టైమింగ్ చైనో (క్రాంక్‌షాఫ్ట్‌తో పాటు కామ్‌షాఫ్ట్‌ను తిప్పే గొలుసు), దాని పళ్ల చక్రాలో అరుగుతున్నాయి. అయస్కాంతానికి అంటని బంగారు, రాగి రంగు రేకులు ఉంటే బేరింగ్ అని భయపడాలి. అవి లేవు.

నాన్న నూజివీడు దగ్గర ట్రాక్టరు నడిపేవాడు. డిప్‌స్టిక్ నూనెను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, వాసన చూసి, "డీజిల్ కలుస్తోంది" అని చెప్పేవాడు. నేను ఈ బండి నూనె అలాగే చూశాను. పెట్రోలు వాసన నాకూ తెలిసింది. 2.5 శాతం అని ల్యాబ్ చెప్పింది దాన్నే.

డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజిన్లలో ఇది మామూలే. పెట్రోలును నేరుగా సిలిండర్లోకి చిమ్ముతారు, కొంత గోడలకు తగిలి పిస్టన్ రింగులు దాటి కిందికి జారుతుంది. దూర ప్రయాణంలో వేడికి ఆవిరైపోతుంది. రోజూ రెండు మైళ్లు స్కూలుకు వెళ్లి ఆగే బండిలో పేరుకుంటుంది, నూనె పలచబడుతుంది. అందుకే రెండు మార్పులు చేశాను. బండిని వారానికి ఒకసారి అయినా 25 నిమిషాలు హైవే మీద తిప్పాలి. డ్యాష్‌బోర్డు చెప్పేదాకా ఆగకుండా 3,000 మైళ్లకే నూనె మార్చాలి.

ఆయిల్ 48, ఫిల్టర్లు రెండు 22, కట్టర్ 42, ఎయిర్ ఫిల్టరు 28.

ఈ దశ ఖర్చు: 140. మొత్తం: 695.

దశ 4: కొండ మీద మిస్‌ఫైర్ (నవంబరు, 89,900 మైళ్లు)

ఓక్లహోమా సిటీలో ఫంక్షన్. ఐ-35 మీద ఆర్డ్‌మోర్ దాటాక ఆర్బకుల్ కొండలు వస్తాయి. ట్రెయిలర్‌తో ఎక్కుతుండగా బండి దడదడలాడింది, చెక్ ఇంజిన్ లైటు ఆరుతూ వెలుగుతూ మెరిసింది. ఆ లైటు నిలకడగా వెలిగితే ఇంటికొచ్చి చూసుకోవచ్చు. మెరుస్తోందంటే కాలని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి (పొగను శుభ్రం చేసే భాగం) వెళ్తోందని అర్థం, అది కాలిపోతే వేల డాలర్లు. యాక్సిలరేటర్ వదిలి, 50 మైళ్ల వేగంతో పక్క లేన్‌లో మెల్లగా ఎక్కించాను. మెరవడం ఆగింది. వెనక సీట్లో మా ఆవిడ పూల బుట్టలు పట్టుకుని మాట్లాడకుండా కూర్చుంది. టెన్షన్ ఇద్దరికీ ఉంది, ముహూర్తం మరుసటి రోజు ఉదయమే.

కోడ్ పీ0304, నాలుగో సిలిండర్ మిస్‌ఫైర్, అంటే అందులో పెట్రోలు సరిగ్గా అంటుకోవడం లేదు.

ఇంటికొచ్చాక తొందరపడ్డాను. కాయిల్ (స్పార్క్ ప్లగ్‌కు కరెంటు ఇచ్చేది) పోయిందనుకుని 58 పెట్టి కొత్తది వేశాను. మరుసటి వారం ఖాళీ బండితోనే, గట్టిగా తొక్కగానే మళ్లీ పీ0304. ముందు చేయాల్సిన పని తర్వాత చేశాను: నాలుగో సిలిండర్ కాయిల్‌ను రెండోదానికి, రెండోదాన్ని నాలుగోదానికి మార్చి చూడటం. మిస్‌ఫైర్ కాయిల్‌తో పాటు రెండో సిలిండర్‌కు వెళ్తే కాయిల్‌దే లోపం. వెళ్లలేదు. నాలుగులోనే ఉంది. ఈ పరీక్షకు పావుగంట పడుతుంది, పైసా ఖర్చు లేదు.

ప్లగ్‌లు తీసి గ్యాప్ (నిప్పురవ్వ దూకే సందు) కొలిచాను, అంగుళాల్లో:

1: 0.037
2: 0.036
3: 0.038
4: 0.042
5: 0.037
6: 0.037

మాన్యువల్ ప్రకారం నా ఇంజిన్‌కు 0.030 ఉండాలి. టర్బో గాలిని కుక్కి నింపినప్పుడు సిలిండర్లో ఒత్తిడి ఎక్కువ, ఆ ఒత్తిడిలో నిప్పురవ్వ పెద్ద సందు దాటలేదు. మెల్లగా నడిపితే ఏ లోపమూ కనిపించకపోవడానికి కారణం అదే. అందుకే పాత టర్బో బండిని ఊళ్లో వీధుల్లో నడిపి చూసి కొనకండి. హైవే ఎక్కే ర్యాంపు మీద ఒక్కసారైనా పూర్తిగా తొక్కి చూడాలి.

ప్లగ్‌లలోనూ ఒక పొరపాటు. ఆన్‌లైన్‌లో 44కు ఆరు దొరికాయని తెప్పించాను. పెట్టె మీద అచ్చు మసకగా ఉంది, పింగాణీ మీద అక్షరాలు గోటితో గీస్తే రాలిపోయాయి, ఆరింటి గ్యాప్‌లూ ఆరు రకాలుగా ఉన్నాయి. నకిలీవి. వెనక్కి పంపడానికి 9 అయింది. పార్టుల కౌంటర్‌లో 84 పెట్టి కొన్నాను.

బిగించే పద్ధతి:

1. ఇంజిన్ పూర్తిగా చల్లారాక మాత్రమే. హెడ్ అల్యూమినియం, వేడిలో మరలు చిరుగుతాయి.
2. కాయిల్ తీసే ముందు ప్లగ్ కూర్చునే గుంతలో దుమ్ము గాలితో ఊదాలి.
3. గ్యాప్ ఒక్కోటీ కొలవాలి, పెట్టె మీది అంకెను నమ్మొద్దు.
4. మొదట చేత్తో తిప్పాలి, తర్వాత టార్క్ రెంచ్ (బిగింపు కొలిచే స్పానర్).

టార్క్ రెంచ్ 65, గ్యాప్ గేజ్ 8. తర్వాత అదే కొండ డిసెంబరులో అదే బరువుతో ఎక్కించాను. మిస్‌ఫైర్ కౌంటర్ ఆరు సిలిండర్లకూ సున్నా.

ఈ దశ ఖర్చు: 224. మొత్తం: 919.

దశ 5: రాత్రంతా ఆగాక వచ్చే గలగల (నవంబరు నుంచి మార్చి)

కొన్న మూడో రోజు పొద్దునే విన్నాను. స్టార్ట్ చేయగానే, డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు గలగల, తర్వాత నిశ్శబ్దం. ఫోన్‌ను బానెట్ అంచున పెట్టి ప్రతి రోజూ రికార్డు చేశాను.

4 గంటలు ఆగితే: శబ్దం లేదు
6 గంటలు: 1 సెకను
9 గంటలు: 2 సెకన్లు
12 గంటలు: 3.5 సెకన్లు

శబ్దం రాని ఆ నాలుగు గంటల దగ్గరే చూసి నేను కొన్నాను.

కారణం ఇది. కామ్ ఫేజర్ అనే చక్రం నూనె ఒత్తిడితో కామ్‌షాఫ్ట్ టైమింగ్‌ను ముందుకూ వెనక్కూ జరుపుతుంది. ఇంజిన్ ఆగినప్పుడు నూనె దిగిపోతుంది, అప్పుడు ఒక చిన్న పిన్ను దాన్ని కదలకుండా పట్టుకోవాలి. ఆ పిన్ను కూర్చునే రంధ్రం అరిగితే, నూనె మళ్లీ పైకి చేరేదాకా ఫేజర్ ఊగుతుంది. ఆ ఊగే శబ్దమే గలగల. ఊగిన ప్రతిసారీ చైన్‌కు దెబ్బ. ఫిల్టరులో దొరికిన ఉక్కు రజనుకు ఇప్పుడు అర్థం తెలిసింది.

మొదటి ప్రయత్నం: నూనె వెనక్కి దిగకుండా సిలికాన్ రబ్బరు వాల్వ్ ఉన్న ఫిల్టరు, 14. 12 గంటల శబ్దం 3.5 నుంచి 3 సెకన్లకు తగ్గింది. అంతే.

రెండో ప్రయత్నం: డీలర్ దగ్గర సాఫ్ట్‌వేర్ అప్‌డేట్, 165. 2 సెకన్లకు వచ్చింది. ఆరు వారాల్లో మళ్లీ 3. అరిగిన లోహాన్ని సాఫ్ట్‌వేర్ నింపలేదు.

చిక్కటి ఆయిల్ పోయమని ఇద్దరు ముగ్గురు చెప్పారు. పోయలేదు. ఫేజర్ కదలికంతా నూనె చిక్కదనం లెక్కతోనే నడుస్తుంది. జీఎం గ్రేడు మార్చిందంటే కంపెనీ పరీక్షించి మార్చింది. నా ఇంజిన్‌కు అలాంటి కాగితం లేదు.

మూడో ప్రయత్నం: నేనే విప్పుదామని కామ్‌లను కదలకుండా పట్టే టూల్ కిట్ 118 పెట్టి కొన్నాను. మాన్యువల్ 62 పేజీలు చదివాక ఆగిపోయాను. ముందు కవర్‌కు సీలెంట్ రాసిన కొద్ది నిమిషాల్లో కవర్ సరిగ్గా కూర్చోబెట్టి బోల్టులు వరుసగా బిగించాలి. ఒంటరిగా, గ్యారేజీ నేల మీద ఆ పని కాదు. అప్పటికే పెట్టె తెరిచాను కాబట్టి కిట్ వాపసు తీసుకోలేదు.

డీలర్ అంచనా 4,850. ఊళ్లో ఒక చిన్న షాపులో 3,350కి ఒప్పుకున్నారు: ఫేజర్లన్నీ, చైన్‌లు, చైన్ జారే గైడ్‌లు, చైన్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్లు, నూనె, కూలెంట్ కలిపి. పాత పార్టులు నాకే ఇవ్వాలని ముందే రాయించుకున్నాను.

మార్చి, 93,200 మైళ్లు. షాపులో మెకానిక్ పాత చైన్‌నూ కొత్త చైన్‌నూ ఒకే మేకుకు పక్కపక్కన వేలాడదీసి నన్ను పిలిచాడు. పైన లింకులు ఒకే వరుసలో ఉన్నాయి. కిందికి వచ్చేసరికి పాతది 4 మిల్లీమీటర్లు కిందికి దిగి ఉంది. ఒక్కో లింకులో వెంట్రుక మందం అరుగుదల, అన్నీ కలిస్తే అంత. పాత గైడ్ ప్లాస్టిక్ మీద చైన్ దారి గాడిలా పడింది, గోరు దిగేంత లోతు. ఫేజర్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పితే టక్ టక్ మంది. కొత్తది తిప్పితే కదల్లేదు.

రెండు వారాలకు గ్యారేజీ నేల మీద రూపాయి బిళ్లంత నూనె మరక. ముందు కవర్ కింది మూల నుంచి చెమర్చుతోంది. సీలెంట్ అక్కడ పలచగా పడింది. షాపువాళ్లు వాదించకుండా మళ్లీ విప్పి చేశారు, డబ్బు తీసుకోలేదు. కానీ నాలుగు రోజులు బండి లేదు, ఆ వారం ట్రెయిలర్‌కు వేరే బండి అడుక్కోవాల్సి వచ్చింది. ఇలాంటి పని చేయించాక మొదటి నెల బండి కింద అట్టముక్క పరిచి ఉంచండి.

ఇప్పుడు ఎవరైనా నాతో బండి చూడటానికి రమ్మంటే ఈ వరుసలోనే చూస్తున్నాను:

1. ముందు రోజు రాత్రి ఓడోమీటర్ ఫోటో పంపమనాలి. పొద్దున అదే అంకె ఉండాలి.
2. కనీసం 10 గంటలు ఆగిన ఇంజిన్. బానెట్, రేడియేటర్ గొట్టం రెండూ చెయ్యి పెట్టి చూడాలి.
3. ఒకరు స్టార్ట్ చేయాలి, ఇంకొకరు బానెట్ తెరిచి పక్కన నిలబడి వీడియో తీయాలి.
4. ఓబీడీలో కోడ్‌లు లేకపోవడం చాలదు. కోడ్‌లు తుడిచేసి ఎన్ని మైళ్లయిందో కూడా అందులో కనిపిస్తుంది. 50 మైళ్లలోపు ఉంటే ఎందుకని అడగాలి.
5. నూనె శాంపిల్ ఇవ్వనంటే అక్కడితో ఆపాలి.

మొదటిదీ రెండోదీ పాటించి ఉంటే ఈ బండిని 3,000 తక్కువకు అడిగేవాణ్ని.

ఈ దశ ఖర్చు: 14 + 165 + 118 + 3,350 = 3,647. మొత్తం: 4,566. పక్కన పెట్టిన 4,000 దాటిపోయింది.

దశ 6: ఎండ (జులై, ఆగస్టు)

ఆస్టిన్ దారి, బయట 104 డిగ్రీలు, ట్రెయిలర్ నిండా బరువు, ఏసీ ఆన్. గంటకు 75 మైళ్లతో వెళ్తే నూనె 251 డిగ్రీలకు చేరింది, అంటే 122 సెల్సియస్. కూలెంట్ 219, గేర్‌బాక్స్ 212. డ్యాష్‌బోర్డు ముల్లు మాత్రం మధ్యలోనే నిలబడి ఉంది. ఆ ముల్లును నమ్ముకుంటే ఏమీ తెలియదు. ఓబీడీ అంకెలే చూడాలి.

మూడు మార్పులు, ఒక్కో ట్రిప్పుకు ఒక్కోటి చొప్పున, దేని ఫలితం దేనిదో తెలియడానికి:

1. వేగం 75 నుంచి 65కు: నూనె 251 నుంచి 240.
2. ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లార్చేది), రేడియేటర్ ముందు చిక్కుకున్న పురుగులు, దూది కడగడం, వంగిన రేకులు 12 డాలర్ల దువ్వెనతో సరిచేయడం: 240 నుంచి 234.
3. ట్రెయిలర్‌లో ఇత్తడి దీపాల పెట్టెలు ముందుకు జరిపి, ఎత్తైన ఫ్రేములు పడుకోబెట్టడం: వేడిలో తేడా లేదు. ఊగడం తగ్గింది కాబట్టి అలాగే ఉంచాను.

అదనపు ఆయిల్ కూలర్ కొందామనుకున్నాను. 234 చూశాక అవసరం లేదనిపించింది. గట్టిగా లాగి వచ్చాక మాత్రం వెంటనే ఇంజిన్ ఆపడం లేదు. రెండు నిమిషాలు ఐడిల్‌లో (బండి కదలకుండా ఇంజిన్ మాత్రం తిరిగేలా) ఉంచుతున్నాను. వేడెక్కిన టర్బోలో నూనె ప్రవాహం ఒక్కసారిగా ఆగితే అక్కడి నూనె మాడి గట్టిపడుతుంది.

రెండుసార్లు నూనె, ఫిల్టరు మార్చడం 118, దువ్వెన 12.

ఈ దశ ఖర్చు: 130. మొత్తం: 4,696.

దశ 7: ల్యాబ్ అంకెలు, ఇప్పటి పరిస్థితి (సెప్టెంబరు, 99,100 మైళ్లు)

కొన్నప్పుడు, సుమారు 7,800 మైళ్లు తిరిగిన నూనె: ఇనుము 38, సిలికాన్ 31, పెట్రోలు 2.5 శాతం.
91,500 దగ్గర, 3,070 మైళ్ల నూనె: ఇనుము 17, సిలికాన్ 12, పెట్రోలు 3.2 శాతం.
96,300 దగ్గర, చైన్ పని తర్వాత, 3,100 మైళ్ల నూనె: ఇనుము 9, సిలికాన్ 9, పెట్రోలు 1.9 శాతం.

మొదటి రెండు రిపోర్టుల్లో ఇనుమును నేరుగా పోల్చకండి. వెయ్యి మైళ్లకు లెక్క కడితే 4.9, తర్వాత 5.5. అంటే నూనె మార్చినా అరుగుదల తగ్గలేదు, పైగా కొంచెం పెరిగింది. 38 నుంచి 17కు దిగిందని నేను రెండు రోజులు సంతోషపడ్డాను, భాగించి చూశాకే చైన్ పని వాయిదా వేయకూడదని తేల్చుకున్నాను. పని తర్వాత అదే లెక్క 2.9. సిలికాన్ తగ్గడం మాత్రం కాగితం ఫిల్టరు పుణ్యం. రెండో రిపోర్టులో పెట్రోలు పెరగడానికి చలికాలపు చిన్న ట్రిప్పులు కారణం.

నిన్న 14 గంటలు ఆగాక స్టార్ట్ చేశాను. రికార్డింగ్‌లో స్టార్టర్ మోటారు శబ్దం, ఆ వెంటనే ఐడిల్. మధ్యలో ఏమీ లేదు.

మిగిలిన పని గేర్‌బాక్స్ ఆయిల్. ఎప్పుడు మార్చారో ఒక్క రసీదూ లేదు. జులైలో 212 డిగ్రీలు చూసిన దగ్గర్నుంచి మనసులో అదే ఉంది. ల్యాబ్ కిట్ ఇంకొకటి మిగిలింది. ముందు దాన్నే గేర్‌బాక్స్ నూనెకు వాడతాను, రిపోర్టు వచ్చాక మార్చే తేదీ, ఖర్చు ఇక్కడే కలుపుతాను.

ఖర్చు ఇప్పటికి: 4,696. అనుకున్నదానికంటే 696 ఎక్కువ.